అమలాపురంలో అక్షరాలెన్ని?

పిల్లలూ! మీకొక చిన్న లెక్క. 'అమలాపురం' అన్న మాటలో అక్షరాలు ఎన్ని? వ్రేళ్ళు మడిచి లెక్కపెట్టండి. అ, మ, లా, పు, రం - మొత్తం 5. ఒకటో తరగతి పిల్లవాడు కూడా తడుముకోకుండా చెప్పగల జవాబు ఇది.

ఇదే ప్రశ్న కంప్యూటర్‌ను అడుగుదాం. పైథాన్ అనే కంప్యూటర్ భాష మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఒక మాట ఎంత పొడవున్నదో చెప్పడానికి అందులో 'లెన్' అనే ఆజ్ఞ సిద్ధంగా ఉన్నది. దానికి 'అమలాపురం' అందిస్తే రెప్పపాటులో జవాబు చెబుతుంది: 8! 'రాజోలు' ఇస్తే 6 అంటుంది. మన కంటికి కనబడేవి మూడే. 'కొత్తపేట' ఇస్తే మళ్ళీ 8 అంటుంది. మన లెక్కకు వచ్చేవి నాలుగే.

కోట్ల లెక్కలను క్షణంలో చేసే యంత్రానికి అయిదు అక్షరాలు లెక్కపెట్టడం చేతకాదా? లేక మన ఊళ్ళ పేర్లతోనే దానికేదైనా పేచీ ఉన్నదా? ఈ చిక్కు విప్పుకుంటూ పోతే ప్రోగ్రాములు నేర్చుకొనే వారందరికీ ఎదురయ్యే ఒక పెద్ద ప్రశ్న దగ్గరకు చేరుకుంటాం. ఎవరో వ్రాసి పెట్టిన దానిని తీసుకొని వాడుకోవాలా? లేక మనమే స్వయంగా వ్రాసుకోవాలా?

కంప్యూటర్ కంటికి తెలుగు

కంప్యూటర్‌కు అక్షరాలు తెలియవు. దానికి తెలిసినవి అంకెలు మాత్రమే. అందుచేత ప్రపంచంలోని లిపులన్నిటికీ ఒక్కొక్క గుర్తుకు ఒక్కొక్క అంకె చొప్పున కేటాయించారు. ఈ ఏర్పాటు పేరు యూనికోడ్. దాని మొదటి కూర్పు 1991లో వెలువడింది. అందులో తెలుగుకు 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు కేటాయించారు. 'అ'కు 3077, 'క'కు 3093, 'మ'కు 3118 - ఇలాగన్న మాట.

మరి 'లా'కు ఎంత? అక్కడే ఉన్నది కిటుకు. 'లా'కు వేరే అంకె లేదు. 'ల'కు 3122, దీర్ఘానికి 3134. ఈ రెండూ ప్రక్కప్రక్కన ఉంటే తెరమీద 'లా' అని గీస్తుంది. అలాగే 'పు' అంటే 'ప', దాని తర్వాత కొమ్ము. 'రం' అంటే 'ర', దాని తర్వాత సున్న. కాబట్టి కంప్యూటర్ దృష్టిలో 'అమలాపురం' అంటే ఈ వరుస:

3077, 3118, 3122, 3134, 3114, 3137, 3120, 3074.

లెక్కపెట్టండి. సరిగ్గా 8! 'లెన్' అబద్ధం చెప్పలేదు. అది అంకెలను లెక్కపెట్టింది, మనం అక్షరాలను లెక్కపెట్టాం. మనం అడిగినది ఒకటి, అది జవాబు చెప్పినది మరొకటి.

'కొత్తపేట'లో ఇంకొక విశేషం ఉన్నది. తవత్తుకు కూడా వేరే అంకె లేదు. 'త', తర్వాత పొల్లు, తర్వాత మళ్ళీ 'త' - ఈ మూడూ వరుసగా వస్తే 'త్త' అవుతుంది. పొల్లు అంటే 'క్', 'ర్' వంటి వాటి మీద ఉండే గుర్తు. దాని అంకె 3149. క, ఒత్వం, త, పొల్లు, త, ప, ఏత్వం, ట - ఇవీ కొత్తపేటలోని 8 అంకెలు.

ఈ సంగతి తెలియని మనిషి ప్రోగ్రాము వ్రాస్తే ఏమవుతుందో చూడండి. 'మాటలో మొదటి నాలుగు అక్షరాలు మాత్రమే ముద్రించు' అని చెప్పాలనుకొని 'మొదటి నాలుగు అంకెలు' తీసుకుంటే, 'కొత్తపేట' కాస్తా 'కొత్' అయి కూర్చుంటుంది. పేరును తిరగవేసి వ్రాయమంటే 'రాజోలు'కు 'లుజోరా' రావాలి గదా! అంకెలను తిరగవేస్తే మొదట ఏ అక్షరానికీ అతకని ఒక కొమ్ము, దాని వెనుక 'లోజార' వస్తాయి. గుర్తులన్నీ తమ అక్షరాలను విడిచి పొరుగువారి చంక ఎక్కుతాయి!

మన లెక్క మనమే వ్రాద్దాం

అయితే అక్షరాలను సరిగా లెక్కపెట్టే ప్రోగ్రాము మనం వ్రాయగలమా? వ్రాయగలం. కాగితం, పెన్సిలు తీసుకోండి. కంప్యూటర్ లేకపోయినా ఫరవాలేదు. మాటలోని అంకెలను ఒక్కొక్కటిగా చూస్తూ పోవాలి. 3077 నుండి 3092 వరకు అచ్చులు, 3093 నుండి 3129 వరకు హల్లులు, 3134 నుండి 3148 వరకు గుణింతపు గుర్తులు. అంతకు ముందున్న 3073, 3074, 3075 వరుసగా అరసున్న, సున్న, విసర్గ.

మొదటి నియమం: అచ్చు గాని హల్లు గాని వస్తే లెక్కకు 1 కలుపు.

రెండవ నియమం: గుణింతపు గుర్తు, అరసున్న, సున్న, విసర్గ, పొల్లు - వీటిలో ఏది వచ్చినా ఏమీ కలపకు.

ఈ రెండు నియమాలతో 'అమలాపురం' పరీక్షించండి. అ, మ, ల, ప, ర - అయిదుసార్లు 1 కలిసింది. జవాబు 5. 'రాజోలు'కు 3. భేష్! ఇక 'కొత్తపేట' చూడండి. క, త, త, ప, ట - జవాబు 5 వచ్చింది. తప్పు! రెండవ 'త' వత్తుగా మారి మొదటి 'త' క్రిందకు చేరిందని మన ప్రోగ్రాముకు తెలియదు. అది తెలియజెప్పాలి.

మూడవ నియమం: హల్లుకు సరిగ్గా ముందు పొల్లు ఉంటే ఆ హల్లు వత్తు అన్న మాట. దానికి ఏమీ కలపకు.

ఇప్పుడు చూడండి. క - 1. ఒత్వం - ఏమీ లేదు. త - 2. పొల్లు - ఏమీ లేదు. త - దాని ముందు పొల్లు ఉన్నది గనుక ఏమీ లేదు. ప - 3. ఏత్వం - ఏమీ లేదు. ట - 4. జవాబు 4. సరిపోయింది!

ఇక్కడ మరొక ఆశ్చర్యకరమైన సంగతి ఉన్నది. ఒక వాక్యాన్ని అక్షరాలుగా ఎక్కడెక్కడ విడగొట్టాలో యూనికోడ్ వారు కూడా నియమాలు ఏర్పరచారు. వాటి ప్రకారం వ్రాసిన సిద్ధ ప్రోగ్రాములు చాలాకాలం 'కొత్తపేట'ను కొ, త్, త, పే, ట అని అయిదు ముక్కలు చేసేవి. తెలుగు వంటి లిపులలో వత్తును దాని అక్షరంతో కలిపే ఉంచాలన్న నియమం 2023 సెప్టెంబరులో వెలువడిన 15.1 కూర్పులో చేరింది. అంటే మీరు ఇప్పుడు పెన్సిలుతో వ్రాసుకున్న మూడవ నియమం వంటిదే ప్రపంచ ప్రమాణంలోకి ఆనాటికి వచ్చిందన్న మాట! ఇప్పటికీ పాత నియమాలతో నడిచే ప్రోగ్రాము చేతికి వస్తే అది 5 అంటుంది. స్వయంగా వ్రాసి చూసినవాడు ఆ 5 ఎక్కడ నుండి వచ్చిందో వెంటనే పట్టుకోగలడు. వ్రాయనివాడు కంప్యూటర్ చెప్పింది గదా అని ఊరుకుంటాడు.

ఒక చిక్కు ప్రశ్న

మన ప్రోగ్రాముకు 'కంప్యూటర్' అన్న మాట ఇవ్వండి. కం, ప్యూ, ట, ర్ - జవాబు 4. కాని ఛందస్సు చదివిన మీ తెలుగు మాస్టారు ఒప్పుకోరు. చివరి పొల్లు దాని ముందు అక్షరంతో కలుస్తుంది గనుక కం, ప్యూ, టర్ - 3 అంటారు. ఏది సరి? రెండూ సరియైనవే. పేరును గడులలో నింపడానికి ఒక లెక్క, పద్యానికి గణాలు కట్టడానికి ఒక లెక్క. ఏది కావాలో ప్రోగ్రాము వ్రాసేవారే నిర్ణయించాలి. మీరు సిద్ధ ప్రోగ్రాము వాడినప్పుడు ఆ నిర్ణయం మీ బదులు మరెవరో ఎప్పుడో చేసేశారు. మిమ్మల్ని అడగలేదు, మీరూ అడగలేదు.

'కంప్యూటర్‌లో' అన్న మాటలో ఇంకొక తమాషా ఉన్నది. 'ర్' ప్రక్కన 'లో' వ్రాస్తే కంప్యూటర్ ఆ రెంటినీ కలిపి 'ర్లో' అని లవత్తు చేసేస్తుంది. అలా కలపవద్దని చెప్పడానికి మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు పెడతారు. దాని అంకె 8204. తెరమీద అది కనిపించదు. 'లెన్' మాత్రం దానిని కూడా లెక్కలో వేస్తుంది. ఈ కనబడని గుర్తును బాగా జ్ఞాపకం పెట్టుకోండి. దాని కథ ముందున్నది.

ప్రోగ్రాములకు గ్రంథాలయం

ఇంతకూ సిద్ధ ప్రోగ్రాములు ఎలా పుట్టాయి? ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో మారిస్ విల్క్స్ అనే శాస్త్రజ్ఞుడి నాయకత్వంలో ఎడ్సాక్ అనే కంప్యూటర్‌ను నిర్మించారు. 1949 మే 6న అది తన మొదటి లెక్క చేసింది. ఆ రోజులలో కాగితపు నాడా మీద రంధ్రాలు చేసి ప్రోగ్రాములు అందించేవారు. వర్గమూలం కావాలన్న ప్రతివారూ వర్గమూలం కట్టే ప్రోగ్రామును మళ్ళీ మొదటి నుండి వ్రాసుకోవాలి. వ్రాసిన ప్రతిసారీ కొత్త తప్పులు దొర్లేవి.

అప్పుడు విల్క్స్ బృందంలోని డేవిడ్ వీలర్ మొదలైనవారు ఒక ఉపాయం అమలు చేశారు. తరచు అవసరమయ్యే పనులకు ఒక్కసారి జాగ్రత్తగా ప్రోగ్రాము వ్రాసి, పరీక్షించి, ఆ నాడాను బీరువాలో భద్రపరచేవారు. కావలసినవారు దాని నకలు తీసి తమ ప్రోగ్రాములో చేర్చుకోవచ్చు. పుస్తకాలను గ్రంథాలయంలో దాచినట్లే గదా! అందుకే దానికి లైబ్రరీ అనే పేరు వచ్చింది. 1951 నాటికి అందులో 87 చిన్న ప్రోగ్రాములు చేరాయి. నేడు లక్షలాది లైబ్రరీలు ఉన్నాయి. బొమ్మలు గీయడానికి, లెక్కలు కట్టడానికి, ఫొటోలలో ముఖాలు గుర్తించడానికి, అన్నిటికీ ఉన్నాయి.

ఇక్కడ గమనించవలసినది ఒకటి. ఆ బీరువాను నింపినవారు ఎవరు? ముందు తమ చేతులతో వ్రాసి, తప్పులు చేసి, దిద్దుకొని, ఆ పని కష్టం తెలిసినవారు. వ్రాయడం వచ్చినవారే గ్రంథాలయాన్ని కట్టగలరు.

ఒక్క అక్షరం చేసిన అల్లరి

2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతటా ఐఫోన్లు వాడేవారికి ఒక వింత ఎదురయింది. ఒక తెలుగు అక్షరం ఉన్న సందేశం వస్తే చాలు, ఆ సందేశాన్ని చూపించవలసిన అప్లికేషన్ ఠక్కున మూతపడేది. తెరిస్తే మళ్ళీ మూతపడేది. ఆ అక్షరం ఏమిటో తెలుసా? 'జ్ఞా'! జ్ఞానం అన్న మాటకు మొదటి అక్షరమే.

మనం మామూలుగా వ్రాసే 'జ్ఞా' ఏ హానీ చేయలేదు. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత మనం పైన చెప్పుకున్న కనబడని గుర్తు, చివరకు దీర్ఘం - ఈ అయిదూ ఈ వరుసలో వచ్చినప్పుడే ప్రమాదం. ఫోనులోని సందేశాల అప్లికేషన్లు అక్షరాలను తమంతట తాము గీయవు. అంకెల వరుసను అక్షరాల ఆకారంగా మార్చే పని ఫోనులోనే ఉన్న ఒక లైబ్రరీకి అప్పగిస్తాయి. ఆ లైబ్రరీకి ఈ వరుస కొరుకుడు పడలేదు. అది కూలింది, దానిమీద ఆధారపడిన అప్లికేషన్లన్నీ కూలాయి. దేవనాగరి, బెంగాలీ లిపులలోని కొన్ని వరుసలతో కూడా ఇదే జరిగింది. 2018 ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ 11.2.6 అనే దిద్దిన కూర్పును విడుదల చేసింది. దానితో తెరపి కలిగింది.

ఈ కథలో లైబ్రరీల మంచి, చెడు రెండూ ఉన్నాయి. తప్పు ఒక్కచోట ఉన్నందున వేర్వేరు సంస్థల అప్లికేషన్లు ఒకేసారి కూలాయి. దిద్దుబాటు కూడా ఒక్కచోట చేస్తే సరిపోయింది. అన్నీ ఒకేసారి బాగుపడ్డాయి. ప్రతి అప్లికేషన్ వారూ తెలుగు అక్షరాలను గీసే ప్రోగ్రామును విడివిడిగా వ్రాసుకొని ఉంటే ఎన్ని వందల తప్పులు ఉండేవో, వాటిలో ఎన్ని దిద్దకుండా మిగిలిపోయేవో!

పాత ప్రోగ్రాము, కొత్త రాకెట్టు

ఇంతకంటె ఖరీదైన పాఠం ఒకటి 1996లో వచ్చింది. ఆ సంవత్సరం జూన్ 4న ఐరోపా దేశాలు ఏరియన్-5 అనే కొత్త రాకెట్టును మొదటిసారిగా ప్రయోగించాయి. బయలుదేరిన సుమారు 40 సెకన్లకే అది దారి తప్పి ముక్కలయింది. కారణం ఏమిటి? దారి చూపే పరికరంలోని ప్రోగ్రామును పాత ఏరియన్-4 నుండి తీసుకున్నారు. పాత రాకెట్టులో అది చక్కగా పనిచేసింది. అందులో ఒకచోట, అడ్డంగా ఉండే వేగానికి సంబంధించిన ఒక విలువను 32767 కంటె మించని గడిలో పెట్టాలి. పాత రాకెట్టు ప్రయాణంలో ఆ విలువ ఎన్నడూ అంత పెరగదు. కొత్త రాకెట్టు పయనించే తీరు వేరు. విలువ గడిని మించిపోయింది. పరికరం పని మానివేసింది.

పరీక్షకు నిలిచిన ప్రోగ్రామే! కాని ఏ హద్దుల లోపల అది సరిగా పనిచేస్తుందో మళ్ళీ చూసుకోకుండా కొత్తచోట వాడడమే ముప్పు తెచ్చింది.

అయితే అన్నీ మనమే వ్రాయాలా?

అక్కరలేదు. అలా పట్టుబడితే ఒక జీవితం చాలదు. కోనసీమ రైతు సంగతే చూడండి. తన చేనికి నీరు కావాలని ఆయన గోదావరికి అడ్డంగా ఆనకట్ట కట్టడు. ఆ పని ధవళేశ్వరం వద్ద ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయింది. తర్వాతి కాలంలో దాని స్థానంలో బ్యారేజి వచ్చింది. నీరు కాలువలో వస్తుంది. రైతు తూము ఎత్తి చేనికి పెట్టుకుంటాడు. ఇది సిద్ధంగా ఉన్నదానిని వాడుకోవడమే. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

కాని రైతుకు నీటి సంగతి తెలుసు. ఏ మడికి ఎంత పెట్టాలో, ఎక్కడ గండి పడితే ఎలా పూడ్చాలో, మురుగు ఎటు పోవాలో తెలుసు. చిన్నప్పుడే తండ్రి వెంట గట్లు వేసి, బోదెలు తవ్వి నేర్చుకున్నాడు. గట్టు వేయడం ఎన్నడూ ఎరుగని వాడికి కాలువ అప్పగిస్తే, నీరున్న రోజున నారు మునుగుతుంది, లేని రోజున ఎండుతుంది.

ప్రోగ్రాములు నేర్చుకోవడమూ ఇంతే. కొన్ని పనులు మనం ఎంత నేర్చినా సొంతంగా వ్రాసి నలుగురి చేతికి ఇవ్వకూడదు. బ్యాంకు లావాదేవీలను రహస్య లిపిలోకి మార్చే ప్రోగ్రాములు అలాంటివి. వాటిలో తప్పు ఉంటే కంటికి కనబడదు. దొంగకు మాత్రం కనబడుతుంది. ఎందరో నిపుణులు ఏళ్ళ తరబడి పరీక్షించిన లైబ్రరీని వాడడమే అక్కడ తెలివి. అదే పనిని నేర్చుకోవడం కోసం నోటు పుస్తకంలో వ్రాసి చూడడం వేరు. అందులో ఎవరికీ నష్టం లేదు, మీకు లాభమే.

నేడు మామూలు మాటలలో అడిగితే ప్రోగ్రాము వ్రాసి ఇచ్చే కృత్రిమ మేధ సాధనాలు కూడా వచ్చాయి. అవి ఇచ్చినదీ ఎవరో ఇచ్చినదే. 'కొత్తపేట'కు అది 5 అన్నదో, 4 అన్నదో, ఎందుకన్నదో పరీక్షించవలసినది మీరే.

ఒక పద్ధతి చెబుతాను, పాటించి చూడండి. ఏదైనా సిద్ధ ప్రోగ్రాము వాడబోయే ముందు అదే పని చేసే చిన్నదానిని మీరే ఒకటి వ్రాయండి. పొడవుగా ఉన్నా, నెమ్మదిగా నడిచినా ఫరవాలేదు. రెంటికీ ఒకే ప్రశ్నలు ఇచ్చి జవాబులు పోల్చండి. తేడా వస్తే ఎందుకు వచ్చిందో కనుక్కొనేదాకా వదలకండి. కొన్నిసార్లు తప్పు మీది అవుతుంది. అప్పుడొక కొత్త సంగతి నేర్చుకుంటారు. ఎప్పుడో ఒకసారి తప్పు లైబ్రరీది అవుతుంది. అప్పుడు దానిని వ్రాసినవారికి తెలియజేయండి. ప్రపంచమంతా మీవల్ల బాగుపడుతుంది. ఆ తర్వాత నిశ్చింతగా సిద్ధ ప్రోగ్రామునే వాడుకోండి.

తెలుగు విషయంలో ఇది మరీ అవసరం. మన అక్షరాలను గీసే, లెక్కపెట్టే, వెతికే ప్రోగ్రాములు చాలావరకు మన గుణింతం నేర్వని దేశాలలో తయారవుతున్నాయి. 'త్త' ఒక్క అక్షరమా రెండా అన్నది అక్కడివారు పుస్తకాలు చూసి తెలుసుకోవాలి. మీకు పలకా బలపం నాడే తెలుసు. ఆ తెలివిని నియమాలుగా మార్చి వ్రాయగలిగితే చాలు.

ఇక పని మొదలుపెట్టండి. ఈ కోనసీమ ఊళ్ళ పేర్లను ముందు మీ వ్రేళ్ళతో, తర్వాత మన మూడు నియమాలతో లెక్కపెట్టండి. 'లెన్' ఎంత చెబుతుందో కూడా ఊహించి వ్రాయండి: ముమ్మిడివరం, ఆత్రేయపురం, అంతర్వేది, ర్యాలి. అది అయ్యాక, మాటను సరిగా తిరగవేసి వ్రాసే ప్రోగ్రాముకు నియమాలు ఏమిటో ఆలోచించండి. 'కొత్తపేట'కు 'టపేత్తకొ' రావాలి సుమా!

జవాబులు: ముమ్మిడివరం - అక్షరాలు 5, లెన్ 11. ఆత్రేయపురం - అక్షరాలు 5, లెన్ 10. అంతర్వేది - అక్షరాలు 4, లెన్ 9. ర్యాలి - అక్షరాలు 2, లెన్ 6.